ఉక్కు సీమలో కఱ్ఱసాము

గోదావరి నది పోచంపాడు దాటి తూర్పుముఖముగా సాగు మార్గమున, దక్షిణపు టొడ్డున ఎర్దండి, వేములకుర్తి మొదలగు పల్లెలును, వానికి కొంత లోపలగా ఇబ్రహీంపట్నమును కలవు. నేడిది జగిత్యాల జిల్లాలో నొక మండలమునకు ముఖ్యస్థానము. 2016వ సంవత్సరమున జిల్లాల విభజన జరుగువఱకు కరీంనగరు జిల్లాలోనిది. 1905వ సంవత్సరమునకు ముందు ఆ జిల్లాకే ఎలగందల యని పేరు. ఉత్తరమున నది దాటిన నిర్మల సీమ, పడమటి పొలిమేర దాటిన నిజామాబాదు సీమ, దక్షిణమున మెట్‌పల్లి, దాని కావల కోరుట్ల, జగిత్యాల. ఇట్లు మూడు సీమలు కూడుచోట నున్న ఊళ్లకు వచ్చువారును పోవువారును ఎక్కువ. వచ్చువారందఱును చుట్టములే కాకపోవుట చేత, తన్ను తాను కాపాడుకొను విద్య ఇచటి పల్లెలకు వేడుకగా గాక అవసరముగా అబ్బినది. ఆ విద్యలో క్రొత్తగా అడుగిడువానికి పూర్వులు ఏమి నేర్పిరి, ఎవరిని గడప దాటనీయలేదు, నేడది ఎవరి చేతికి వచ్చుచున్నది అనునదియే ఈ వ్యాసమునకు విషయము.

ఈ సీమకు ఆయుధములతో గల సంబంధము మిక్కిలి పాతది. ఇబ్రహీంపట్నమునకు పడమటగా, నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమను చిన్న పల్లెయందు ఇనుమును మట్టి మూసలలో నుంచి కరగించి మేలిజాతి ఉక్కు చేయు పరిశ్రమ శతాబ్దముల కాలము సాగెను. మహాత్రికోణమితి సర్వేలో వైద్యుడుగాను భూగర్భశాస్త్రజ్ఞుడుగాను పనిచేసి 1824లో మరణించిన హెన్రీ వెస్లీ వాయిసీ ఆ కొలుములను స్వయముగా చూచి వ్రాసిన వృత్తాంతము 1832లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికయందు ప్రకటింపబడెను. ఆ ఉక్కును కొనిపోవుటకై ఇస్ఫహాను నుండి పారసీక వర్తకులు అంత దూరము వచ్చి, కొలిమి దగ్గఱనే నిలిచి, సరకు తేరువఱకు కనిపెట్టుకొని యుండెడివారట. రెండు ఊళ్ల ఇనుమును మూడు పాళ్లకు రెండు పాళ్లుగా కలుపుదురని చెప్పుచు, ఆ ఊళ్లలో నొకదానిని అతడు మిర్ట్‌పల్లి యని వ్రాసినాడు; ఆ పేరు చదివిన ఈ ప్రాంతమువారికి మెట్‌పల్లి స్ఫురింపక మానదు. 2010లో బెంగుళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ వారును, ఇంగ్లండులోని ఎక్సిటరు విశ్వవిద్యాలయము వారును కలిసి ఉత్తర తెలంగాణమున ఊరూరు తిరిగి పరిశోధించినపుడు, పొలముల గట్లయందును చెఱువుల కట్టలయందును పాత చిట్టెపు దిబ్బలు, మూసల పెంకులు విరివిగా కనబడినవి. ప్రపంచము డమాస్కసు కత్తియని కొనియాడిన కత్తికి ప్రాణమైన ఉక్కులో కొంత ఈ గోదావరి యొడ్డుననే పుట్టినదని చెప్పుటలో అతిశయోక్తి లేదు.

ఐనను ఖనిజమును త్రవ్వి, కాచి, కరగించి ఆ ఉక్కు చేసిన జనుల చేతిలో కత్తి లేదు. అది దూరదేశపు సర్దారుల నడుములను అలంకరించుటకు పోయినది. మన రైతు చేతిలో నున్నది వెదురుకఱ్ఱ. ఎలుగుబంటి వచ్చినను, ఎడ్లదొంగ వచ్చినను, పన్ను వసూలు నెపమున బందిపోటువంటి సిపాయి వచ్చినను వానికి దిక్కు ఆ కఱ్ఱయే. ఉక్కు సీమవారు కఱ్ఱను నమ్ముకొనిరను ఈ వైపరీత్యమే ఈ చరిత్రకు తొలి అధ్యాయము.

కఱ్ఱసామునకు తోబుట్టువైన మల్లవిద్యకు శాస్త్రము లేకపోలేదు. జగిత్యాల చెంతనున్న నేటి పొలాస ఒకప్పుడు పొలవాస యను పేర రాజధాని. అచటి ప్రభువులు కల్యాణి చాళుక్యులకు లోబడిన సామంతులు. కాకతి రుద్రదేవుడు పొలవాస మేడరాజును జయించిన వార్త 1163 నాటి హనుమకొండ వేయిస్తంభముల గుడి శాసనమున చెక్కబడి యున్నది. ఆ పొలవాసవారికి ప్రభువులైన చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతమున సంతరించిన మానసోల్లాసమను సంస్కృత విజ్ఞానకోశమున మల్లవినోదమను ప్రకరణ మొకటి కలదు. మల్లులను బలమునుబట్టియు వయస్సునుబట్టియు తరగతులుగా విభజించి, ఇంకను ఇరువది యేండ్లు నిండని పడుచువానిని భవిష్ణువని అందు పేర్కొనిరి. కాబోవువాడని దాని భావము. ఆ భవిష్ణువునకు విధించిన శ్రమలలో బరువులెత్తు భారశ్రమ, నడకయు పరుగునైన భ్రమణశ్రమ, ఈతయైన సలిలశ్రమ, నిలువుకంబము నెక్కి దిగి పెనగొను స్తంభశ్రమ మొదలైనవి కలవు. ఎనిమిది వందల యేండ్ల తరువాత పుట్టిన మన వ్యాయామశాలల పట్టికలో వీనికి మించి నిజముగా క్రొత్తది ఏమి చేరినదో నాకు తోచదు. పట్టులును మెలకువలును శరీరము సిద్ధమైన పిమ్మట వచ్చునవి. ఒక ప్రభువు తన కాలక్షేపమునకై వ్రాయించిన గ్రంథమైనను, శిక్షణలో ముందువెనుకలను ఇంత స్పష్టముగా తెలిసి వ్రాసినవాడు తానును ఎప్పుడో గోదాలో దిగియే యుండవలె ననిపించును.

రాజులు తాముగా సాము చేసిరనుటకు విదేశీయుల సాక్ష్యమును కలదు. 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, కృష్ణదేవరాయలు తెల్లవాఱకమునుపే లేచి నువ్వులనూనె త్రాగి, ఒంటికి నూనె పట్టించి, మట్టితో చేసిన పెద్ద బరువులను చేతులతో ఎత్తి, ఒడలెల్ల చెమట పోయువఱకు కత్తి త్రిప్పి, ఆపై తన మల్లులలో నొకనితో కుస్తీ పట్టి, గుఱ్ఱమెక్కి తిరుగుచుండెనని వ్రాసెను. అటుపిమ్మట వచ్చిన నూనిజ్ అను మఱియొకడు ఆ కొలువులో కుస్తీ పట్టు స్త్రీలును ఉండిరని ఒక్క వాక్యమున చెప్పి విడిచినాడు. ఆ ఒక్క వాక్యమును పాఠకులు జ్ఞాపక ముంచుకొనవలెనని నా మనవి. దానితో మనకు ముందు పని కలదు.

రాజాస్థానములను విడిచి మరల మన పల్లెలకు వత్తము. పదునెనిమిదవ శతాబ్దమున దక్కను సీమ నెమ్మది యెఱుగదు. జగిత్యాల ఊరికి ఉత్తరమున, నక్షత్రాకారమున, చుట్టును నీటి కందకముతో నున్న కోటను 1747లో జఫరుద్దౌలా అను సర్దారు కొఱకు ఫ్రెంచి ఇంజనీర్లు కట్టిరి. చూడ ముచ్చటయైన కోట. కాని కోట కాపాడునది కోటలోని వానిని. బయటి పల్లెను కాపాడువారెవరు? మహారాష్ట్ర దండులు, పిండారీలు, జీతము ముట్టని కిరాయి సిపాయిలు, రోహిలాలు, అరబ్బులు వంతులవారీగా పల్లెల మీద పడుచుండిన దినములవి. 1816లో పిండారీలు గుంటూరు సీమవఱకు పోయి దోచుకొనివచ్చిరన్న, నడుమనున్న నిజాము రాజ్యపు పల్లె లెంతటి భయముతో రాత్రులు గడపియుండునో ఊహించుకొనవచ్చును. తెలంగాణపు ఊళ్ల నడుమ నేటికిని శిథిలమై నిలిచియున్న గుండ్రని బురుజులు ఆ కాలపు గుర్తులే. దూరమున ధూళి లేచిన బురుజుపై కావలివాడు కేక వేయును. ఆడవారును పిల్లలును గడీలోనికి చేరుదురు. మగవారు కఱ్ఱలును వడిసెలలును చేబూని గవనుకడ నిలుతురు. సాలారుజంగు మంత్రిత్వమున 1865లో జిల్లాబందీ జరిగి, జిల్లాలును తాలూకాలును పోలీసును ఏర్పడువఱకు, గ్రామరక్షణ యనునది గ్రామస్థుల భుజబలమే.

అట్టి గ్రామములకు తాలీంఖానా బడివలెనే ఒక ఆవశ్యకమైన స్థానము. ఊరి అంచున ఒక పందిరి, లేదా పెంకుటిల్లు. నడుమ మెత్తని మన్ను నింపిన గోదా. గోడకు ఆనించిన ముగ్దరులు, ఎత్తుడుగుండ్లు. గూటిలో సిందూరము పూసిన ఆంజనేయుడు. కొండగట్టు ఈ జిల్లాలోనిదే యగుటచే, సాము నేర్చువాడు అంజన్నకు మ్రొక్కకుండ లంగోటీ బిగించుట ఈ ప్రాంతమున కానరాదు. ఉస్తాదు ముసల్మానైనను శిష్యుడు ఆ గూటికి దండము పెట్టును. ఉస్తాదు హిందువైనను శిష్యుడు పీర్ల పండుగనాడు పీర్ల ముందు కఱ్ఱ త్రిప్పును. మొహర్రములో నిప్పుల గుండము చుట్టును ఊరందఱు గుమిగూడి యుండ, తాలీంఖానా పడుచువారు రెండు చివరల మంటలు గల బనేటీని గిరగిర త్రిప్పుచు, పట్టాకత్తులతో ఒడుపులు చూపుచు నడచుట తెలంగాణపు పల్లెలలో ఇటీవలి వఱకును చూడదగిన వేడుక. దక్కనులో ప్రసిద్ధమైన బిన్నోటు, అనగా ఆయుధము లేనివాడు ఆయుధము గలవానిని నిలువరించు నేర్పు, ఇట్టి చోటులనే గురుముఖమున ఒకరినుండి ఒకరికి అందుచుండెను.

క్రొత్తగా చేరినవానికి అచట మొదట దొరకునది కఱ్ఱ కాదు, పార. వేకువను అందఱికంటె ముందు వచ్చి, నిన్న త్రొక్కుడుపడి గట్టిపడిన గోదా మన్నును త్రవ్వి, రాళ్లేఱి, గడ్డలు చితుకగొట్టి, ఎఱ్ఱమన్ను, పసుపు, నూనె, మజ్జిగ పోసి కలిపి చదును చేయుట వాని తొలి పాఠము. ఇది గురుసేవ యని పైకి చెప్పుదురు గాని, నడుము, భుజములు, పిడికిలి ఒక్కమాఱుగా గట్టిపడు వ్యాయామము మఱియొకటి లేదు. పిదప దండీలు, బస్కీలు. పదితో మొదలిడి, దినమున కొకటి రెండు చొప్పున పెంచుచు పోవుదురు. ఆత్రపడి ఒక్కనాడే నూఱు తీసి మఱునాడు మంచము పట్టినవానిని చూచి తక్కినవారు నవ్వుదురు. అటు తరువాత ముగ్దరులు. పహిల్వాను కావలెనన్న బాదముపప్పు, పాలు, నెయ్యి కావలెనని జనులనుకొందురు. ఆ భాగ్యము పట్వారీ కొడుకునకు గాక కూలివాని కొడుకునకు ఎక్కడిది? వానికి జొన్నరొట్టె, రాత్రి నానబెట్టిన శనగలు, ఇంత బెల్లము. ఆ తిండితోనే జాతరల గోదాలలో నెగ్గినవా రెందఱో.

శరీరము కొంత లొంగిన పిమ్మట నేర్పునది పడుట. గోదాలో మెత్తని మన్ను వేయుట అందుకొఱకే. మెడ విఱుగకుండ, మోచేయి నేల నానకుండ, ఊపిరి బిగబట్టక వీపు మీద పడి దొర్లి లేచుట వచ్చినవానికి గాని పట్టు చెప్పరు. 1882లో టోక్యోలో ఒక బౌద్ధాలయమునందు పండ్రెండు చాపలు పఱచి, తొమ్మండుగురు శిష్యులతో జిగొరో కానో స్థాపించిన జూడో విద్యాలయమునందును తొలి పాఠము పడుటయే యని విన్నపుడు, సముద్రముల కావల నున్న ఇరువురు గురువులు ఒకే తీర్మానమునకు వచ్చినందుకు ఆశ్చర్యము కలుగును; కాని ఆలోచించిన, పడుట కంజువాడు పోరాడలేడు గదా, వేఱు తీర్మానమునకు వచ్చుట కెడమేది?

కఱ్ఱసాములో కఱ్ఱ చివరకు వచ్చును. మొదలు పాదములు. నేలమీద గీతలు గీసి, ఏ పాదము ముందు, ఏ పాదము వెనుక, బరువు దేనిమీద, తిరుగునపుడు మడమ ఎట్లు లేచును అని మాసములకొలది నడిపింతురు. "ముందుగాల నిలబడుడు నేర్వు బిడ్డా, కొట్టుడు తర్వాత" అను తీరు మాట ఈ విద్య నెఱిగిన ఏ పెద్దవాని నోటనైనను వినవచ్చును. తరువాత చూపు: ఎదుటివాని కఱ్ఱను చూడరాదు, వాని భుజమును చూడవలెను, కఱ్ఱ కదలుటకు ముందు భుజము కదలును. ఆపై, కణుపులు నునుపుచేసి నూనె పట్టించిన వెదురును ఒక చేత, రెండు చేతుల, ముందు, వెనుక, తలపై, కాళ్ల క్రింద త్రిప్పుట. అది గాలిని కోసి సమానముగా శబ్దము చేయువఱకు విడువరు. ఇద్దఱెదురెదురుగా నిలుచుట ఇన్ని మెట్లెక్కిన తరువాతి మాట. తోలుతొడుగు వేసిన గద్కాకఱ్ఱయు, ఫరీ యను చిన్న డాలును ఇచ్చి ఆడించునపుడు తలమీద దెబ్బ కొట్టినవాడు ఆ దినమునకు బయట కూర్చుండవలెను. నేర్చినవాడు ఊరిలో తగవులాడి చేయిచేసికొన్నచో తాలీంఖానాకు రానీయరు. ఈ కట్టుబాటునందే ఆ విద్య గౌరవమంతయు నిలిచియున్నదని నా యభిప్రాయము. దెబ్బ నేర్పుట సులభము. దెబ్బ ఆపుట నేర్పుటకు ఉస్తాదు కావలెను.

భయము తగ్గిన కొలది విద్య వేడుక యగుట లోకసహజము. పోలీసు ఠాణాలు వెలసి, రోహిలాల పేరు తల్లులు పిల్లలను బెదరించుటకు మాత్రమే మిగిలిన తరువాత, సాము జాతరలకు చేరినది. నిజామాబాదు, నిర్మల, జగిత్యాల సీమలలో జాతరనాడో, హోళీనాడో ఊరి పెద్దలు జరిపించు కుస్తీలలో ఒక చక్కని పద్ధతి నేటికిని కలదు. మొదటి జోడు కొబ్బరికాయకు. చిన్న బాలురు, లేదా ఎన్నడును గోదా దిగనివారు ఆ కొబ్బరికాయకై పెనగొందురు; నవ్వులు, చప్పట్లు. క్రమముగా బహుమానము పదుల రూపాయలకు, వందలకు పెరిగి, పొద్దు వాలునప్పటికి చివరి జోడు వెండి కడియమునకు నిలుచును. మహారాష్ట్రమునుండి సైతము పహిల్వానులు వత్తురు. క్రొత్తవానికిని ప్రౌఢునకును ఒకే గోదా, ఒకే దినము, ఒకే జనసమూహము. క్రొత్తవాడు సిగ్గుపడకుండ మొదలుపెట్టుట కింతకంటె మంచి ఏర్పాటు మన పట్టణపు వ్యాయామమందిరములలో నేను చూడలేదు. బోధను దాపున హున్సాలో హోళీనాడు రెండు పక్షములవారు నడుమ తాడు పట్టుకొని పిడికిళ్లతో గ్రుద్దుకొని, పిదప ఆలింగనము చేసికొను ఆచారమును కూడ కొందఱు ఈ కోవలోనే చేర్చుదురు. ఏటేట పోలీసువారు వలదనుచుందురు, ఏటేట అది జరుగుచుండును. దానిని ఆటయన వచ్చును గాని విద్య యనుటకు నాకు మనసొప్పదు. అందు తప్పించుకొనుట లేదు.

వేడుకయైన సాము మరల అవసరమైన దినములు నిజాము పాలనపు టంత్యదశలో వచ్చెను. బహిరంగసభలకు గస్తీ నిషాన్ 53 అను సర్కారు ఉత్తరువు అడ్డుపడుచుండిన ఆ రాజ్యమున, వ్యాయామశాలయనునది యువకులు పదిమంది కూడుటకు మిగిలిన కొలది చోట్లలో నొకటి. 1938–39లో సత్యాగ్రహము నడపిన ఆర్యసమాజమువారు పట్టణములలో వ్యాయామశాలలు నెలకొల్పి కఱ్ఱసాము నేర్పిరి. పల్లెలలో ఆంధ్రమహాసభ సంఘములు గుత్పలు, అనగా దుడ్డుకఱ్ఱలు, చేతబట్టి, జనుల నోట గుత్పల సంఘమని పేరు గాంచినవి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను దొరవారు కోసికొనిపోకుండ నిలిపినపుడు ఆమె వెనుక నిలిచినవి ఆ గుత్పలే. స్త్రీలు రోకళ్లును కారపుపొడియు పట్టిరి. అది ఏ ఉస్తాదును నేర్పిన సాము కాదు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లును నిజాము సైనికులును కలిసి దాడి చేసినపుడు గ్రామరక్షకులు ఊరి నడిమి బురుజెక్కి పోరిరి. పాత బురుజు అది. ఎదుట నున్నవి మాత్రము ఫిరంగులు. ఫిరంగి ముందు వడిసెల యెంత? ఆ యూరు చెల్లించిన మూల్యము తెలంగాణము మఱువరానిది. సరిగ మూడు వారముల పిమ్మట, సెప్టెంబరు 17న, నిజాము లొంగిపోయెను.

ఆ పిదప తాలీంఖానాలు క్షీణించుటకు ఎవరిని తప్పుపట్టను? సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రయందు రాజుల యుద్ధములకు బదులు జనుల ఆటపాటలకును అలవాట్లకును చోటిచ్చి, చరిత్రయనగా నేమో మనకు నేర్పిరి. అట్టి దృష్టితో చూచిన, సాము క్షీణించుటకు కారణము పౌరుషము తగ్గుట కాదు, బ్రతుకుతెరువు మాఱుటయే. పోచంపాడు ప్రాజెక్టుకు 1963 జూలై 26న నెహ్రూగారు పునాదిరాయి వేసిరి. కాలువ నీరు వచ్చెను, రానిచోట బోరు లెండెను. మగవారు దుబాయికిని, మస్కటునకును, సౌదీకిని పోవ మొదలిడిరి. ఇబ్రహీంపట్నము, మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతములలో గల్ఫునకు మనిషిని పంపని వాడ అరుదు. ఇంట మిగిలినది స్త్రీ. ఆమె బీడీలు చుట్టును, పొలము చూచుకొనును, అప్పుల వానితో మాటలాడును, బిడ్డను బడికి పంపును, సాయంకాలము ఆ బిడ్డ బస్సు దిగువఱకు గుమ్మమున నిలిచియుండును. నాడు బురుజుపై నిలిచిన కావలివాని పని నేడు ఆమెది.

ఇక్కడనే నూనిజు వాక్యము జ్ఞాపకము చేసికొనవలెను. విజయనగరపు కొలువులో కుస్తీ పట్టిన స్త్రీలుండిరి; మన పల్లెల తాలీంఖానా గడప మాత్రము స్త్రీ దాటరానిది. బ్రహ్మచర్యమనియు, అంజన్న గూడనియు, లంగోటీ యనియు కారణములు చెప్పిరి. చెప్పినవారిని నేను హేళన చేయను, వారి కాలము వారిది. కాని ఊరి జనములో సగము మందికి ఆత్మరక్షణ నేర్పని విద్యను గ్రామరక్షణ యనుట కొంత అతిశయమే. ఇతర దేశములలో ఈ గడప మనకంటె ముందు దాటబడెను. లండనులో, అయిదడుగుల ఎత్తునకైనను అందని ఈడిత్ గారడ్ అను స్త్రీ, ఓటుహక్కుకై పోరాడు స్త్రీల అంగరక్షకదళమునకు 1913లో జుజుత్సు నేర్పెను. మన దేశముననే రవీంద్రుడు 1905లో సానో అను జపాను గురువును, 1929లో తకగాకి అను మఱియొక గురువును శాంతినికేతనమునకు రప్పించి, బాలురతోపాటు బాలికలకును ఆ విద్య నేర్పించెను. తెలుగునాట వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తినాయుడుగారు తన సర్కసుతో దేశమంతటను బలప్రదర్శనములు చేసి కలియుగభీముడని కీర్తి గాంచుచున్న దినములే అవి. ఆయనను చూచి కండలు పెంచిన బాలురెందఱో. ఆ బాలుర చెల్లెండ్రను గూర్చి అడిగినవారు మాత్రము మన యొద్ద లేకపోయిరి.

నిజాము పాలన ముగిసిన ఈ ముప్పావు శతాబ్దమున పరిస్థితి మెల్లగా మాఱినది. తెలంగాణములో 2014 అక్టోబరు 24న స్త్రీల రక్షణకై పోలీసువారి షీ టీమ్‌లు ఏర్పడినవి. ప్రభుత్వ పాఠశాలలలోను, కస్తూర్బా బాలికా విద్యాలయములలోను ఆఱవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వఱకు చదువు బాలికలకు రాణి లక్ష్మీబాయి ఆత్మరక్షా ప్రశిక్షణ్ పేర కరాటే మొదలగునవి నేర్పు ఏర్పాటు వచ్చినది. ఉస్తాదునకు బదులు మాస్టరు, గోదాకు బదులు బడి మైదానము, లంగోటీకి బదులు తెల్లని దుస్తులు. నేర్పు క్రమము చూచినచో పాత పరిచయమే: ముందు నిలుచుట, పాదములు విడదీసి మోకాళ్లు వదులుచేయుట, పిదప నోరు తెఱచి గట్టిగా అఱచుట. మన బాలికలకు ఈ అఱచుటయే మిక్కిలి కష్టముగా తోచును, ఏలయన చిన్ననాటి నుండియు వారికి నేర్పినది దీనికి సరిగా వ్యతిరేకము. ఆపై మణికట్టు పట్టుకొన్నవాని బొటనవ్రేలి వైపునకు చేయి త్రిప్పి విడిపించుకొనుట, వెనుకనుండి పట్టుకొన్నవాని పాదము మడమతో త్రొక్కుట, త్రొక్కి పరుగెత్తుట. పరుగెత్తుట ఈ విద్యలో ఓటమి కాదు. ఇంటికి క్షేమముగా చేరుటయే గెలుపు. హున్సా పిడిగ్రుద్దులకును దీనికిని గల అంతరమదే.

చట్టమును పాత ఉస్తాదుల మాటనే చెప్పుచున్నది. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతిలో 96 మొదలు 106 వఱకు గల సెక్షన్లును, 2024 జూలై 1 నుండి వాని స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 మొదలు 44 వఱకు గల సెక్షన్లును, తన శరీరమునే గాక ఇతరుల శరీరమును కాపాడుటకు సైతము ప్రతివ్యక్తికిని హక్కు కలదనుచున్నవి. రక్షణకు అవసరమైనంతకు మించి గాయపఱచరాదనియు, అధికారుల సాయము పొందుటకు వ్యవధి యున్నపుడు ఈ హక్కు లేదనియు హద్దు గీయుచున్నవి. తలమీద కొట్టినవానిని బయట కూర్చుండబెట్టిన గద్కా కట్టుబాటునకు ఇది అక్షరరూపము. క్రొత్తగా నేర్చుకొన వచ్చిన బాలికకు తొలి వారముననే ఈ సంగతి చెప్పుట మంచిది. తన చేయి ఎప్పుడు లేవవచ్చునో తెలిసినదానికి దానిని లేపుటలో సంకోచ ముండదు.

ఐతే బడిలోని ఈ శిక్షణ మూడు నెలలది. తాలీంఖానాలో మూడు నెలలకు పిల్లవానికి పార పట్టుట వచ్చును, పాదములు కుదురుట మొదలగును, అంతే. మూడు నెలలలో నేర్చినది మూడు నెలలలో మఱపునకు వచ్చునని సాము నేర్చిన ఏ వృద్ధుని నడిగినను చెప్పును. బాలిక తొమ్మిదవ తరగతిలో నేర్చిన పట్టు ఇంటరుమీడియటు చదువుటకై జగిత్యాలకో కరీంనగరునకో బస్సెక్కునాటికి దాని చేతిలో మిగులవలెనన్న, వారమునకు రెండు దినములైనను ఊరిలోనే అభ్యాసము సాగవలెను. దానికి ధనము పెద్దగా నక్కఱలేదు. సాయంకాలము బడి మైదానము, జీతమునకు వచ్చు ఒక శిక్షకురాలు, బిడ్డను పంపుటకు ఒప్పుకొను తల్లి చాలును. తల్లులు ఒప్పుకొందురనియే నా నమ్మకము.

కావున ఈ సీమ ఊళ్ల గ్రామాభివృద్ధి కమిటీలవారికి ఒక విన్నపము. మీరు ఏటేట జాతర కుస్తీలు జరిపించుచున్నారు, అది మంచి పని, మానవలదు. చివరి జోడుకు వెండి కడియ మిచ్చుచున్నారు, ఇండు. ఆ ఖర్చుతోపాటు ఊరి బడిలో బాలికలకు ఏడాది పొడవున ఆత్మరక్షణ నేర్పు ఒక శిక్షకురాలి జీతమును కూడ ఈ యేటి లెక్కలో వ్రాయుడు. వచ్చు జాతరనాడు, పెద్ద జోళ్లు దిగకమునుపు, కొబ్బరికాయ వరుసలో ఆ బాలికలకును గోదాలో చోటీయుడు.